రెండు దమ్ములు

కౌంటీ ఆఫీసు మనిషి రెండింటికి వస్తానంది. రెండుంపావు దాటింది, రాలేదు. అర్లీతా మంచం మీద గోడకు జారబడి తలుపు వైపే చూస్తోంది. చూడకూడదు, చూస్తే రాదు, చూడకపోతే వస్తుంది అనుకుంటూ మళ్లీ చూస్తోంది. పక్కన ప్లాస్టిక్ తొట్టెలో పాప రెండు పిడికిళ్లూ గడ్డం కింద పెట్టుకుని పడుకుంది. మొన్న తెల్లవారాక పుట్టిన పిల్ల, ఐదు పౌన్ల రెండు ఔన్సులు, కాలికి కట్టిన పట్టీ కాలికన్నా వెడల్పుగా ఉంది. పొద్దున పిల్లల డాక్టరు వచ్చి మంచం చివర నిలబడ్డాడు, కూర్చోలేదు. పాప మూత్రంలో గంజాయి కనబడిందని చెప్పాడు. "మేం చెప్పకుండా ఉండే వీల్లేదమ్మా, రూలు అది" అన్నాడు. పిల్లల సంక్షేమం చూసే కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేశామని, వాళ్ల మనిషి వచ్చి తేల్చేదాకా పాప ఆస్పత్రి కదలదని, అంతవరకు చన్నుపాలు కూడా పట్టొద్దని చెప్పి, అరచేతులకు మందు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. రుద్దుకున్న చప్పుడు ఆమెకింకా వినబడుతోంది. రొమ్ములు రాళ్లయ్యాయి. ముందు పక్క గౌను తడిసింది, టవలు మడిచి అడ్డం పెట్టుకుంది, అదీ తడిసింది. పాప నిద్రలో పెదాలు చప్పరించినప్పుడల్లా పాలు వాటంతటవే దిగుతున్నాయి, వాటికి రూలు తెలియదు. సీసా పాలు పట్టిస్తే పాప సగం తాగి మొహం తిప్పుకుంది. నర్సు కోలీన్ అదీ రాసుకుంది. ఇక్కడ ప్రతిదీ రాసుకుంటారు, ఎన్నిసార్లు తుమ్మిందో, ఎంతసేపు ఏడ్చిందో, వణికిందో లేదో. పాప చెయ్యి కాస్త ఉలిక్కిపడ్డా అర్లీతా తొట్టె మీదికి వంగి చూస్తోంది. పసిపిల్లలందరూ ఉలిక్కిపడతారు కదా, పడతారా, ఏమో, ఆమె చేతిలో బతికిన పిల్ల ఇదొక్కతే, వేరే లెక్క తెలియదు.

ఈ గదిలో ఏ వాసనా లేదు. మొదటిసారి ఆ సంగతి గమనించి ఆశ్చర్యపోయింది. చేపల ఫ్యాక్టరీలో ఏడేళ్లు చేశాక, వాసన లేని చోటు ఒకటి ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. చెరువుల్లోంచి లారీల్లో తెచ్చిన జెల్ల చేపలు ఒక వైపు తలలతో వచ్చి ఇంకో వైపు తెల్లటి ముక్కలై పోతుంటాయి, మధ్యలో చలి గదిలో నలభైమంది ఆడవాళ్లు మోచేతుల దాకా చేతొడుగులతో, కత్తులతో. ఆ వాసన జుట్టులోకి, కారు సీట్లలోకి, పెళ్లి బట్టల్లోకి కూడా ఎక్కింది. మొగుడు డెక్స్‌టర్ లారీ తోలి నాలుగు రోజులకు ఇంటికొచ్చి మెడ వాసన చూసి "మా చేపపిల్ల" అనేవాడు, ఆమె నవ్వేది. కడుపు నిలిచిందని తెలిసిన రెండో వారం నుంచి మాత్రం ఆ వాసన కడుపులో చెయ్యి పెట్టి తిప్పేది. వేవిళ్లు అందరికీ ఉండేవే కదా అన్నారు. అందరికీ ఉండేవి పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి పోతాయి. అర్లీతాకి నీళ్లు ఆగలేదు. మంచుముక్క నాలుక మీద పెట్టుకుంటే కరిగి లోపలికి పోయింది పోయినట్టే తిరిగొచ్చేది. చేపలు కోసే లైను మీద నిలబడి బకెట్టు పక్కన పెట్టుకునేది, సూపర్వైజరు బకెట్టు వంక చూసి ఆమె వంక చూసి ఏమీ అనకుండా వెళ్లేవాడు, ఆ ఏమీ అనకపోవడమే భయం.

మొదటి కడుపు అలాగే పోయింది కదా. రెండేళ్ల కింద, ఐదో నెలలో, మగపిల్లాడు. ముప్పై పౌన్లు తగ్గిపోయింది అప్పటికి, చెంపలు లోపలికి పోయి అద్దంలో వాళ్ల నాయనమ్మలా ఉండేది. ఈ ఆస్పత్రిలోనే, కింది అంతస్తులో, సెలైన్ ఎక్కించి పంపించేవాళ్లు, మళ్లీ తెచ్చేవాళ్లు. ఒకరోజు తెచ్చినప్పుడు లోపల చప్పుడు లేదు. దానికీ వాంతులకూ సంబంధం లేదమ్మా అన్నాడు అప్పటి డాక్టరు, నీ తప్పేం లేదమ్మా అని రెండుసార్లు అన్నాడు. ఆమె నమ్మలేదు. తిండి లేక ఎండిపోయిన ఒంట్లో బిడ్డ ఎండిపోయాడు, ఇందులో అర్థం కానిదేముంది. మెత్తటి గుడ్డలో చుట్టి చేతికిచ్చారు, ముప్పావుగంట ఇచ్చారు. డెక్స్‌టర్ టెక్సాస్‌లో ఉన్నాడు, వచ్చేసరికి ముప్పావుగంట అయిపోయింది. ఆ మాట వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎత్తరు.

కాబట్టి ఈసారి మూడో నెలలో, పద్దెనిమిది పౌన్లు దిగాక, లైను మీద పక్కన పనిచేసే ఇడెల్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీ వెనక లారీలు తిరిగే చోటికి లాక్కెళ్లినప్పుడు, వెళ్లింది. ఇడెల్‌కి అరవై దాటాయి, పళ్లు ఐదో ఆరో మిగిలాయి, కత్తి పట్టిందంటే వేగంలో ఎవరికీ అందదు. రొమ్ములో గడ్డకి మందులెక్కించుకున్న ఏడాదంతా గంజాయి పీలుస్తూనే పనికొచ్చింది, అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. జేబులోంచి వెండికాగితం పొట్లం తీసి అర్లీతా చేతిలో పెట్టింది.

"ఒసే పిల్లా, అలా చూస్తావేం, పాము కాదు. రెండు దమ్ములు. మూడోది కొట్టావంటే తంతా. కొట్టి, పావుగంట ఆగి, తిను."

"కడుపులో బిడ్డకేమైనా అవుతుందేమో ఇడెల్."

"ఏమైనా అవ్వొచ్చు. అవుతుందో లేదో నాకు తెలీదు, నేను డాక్టర్ని కాను. తినకపోతే ఏమవుతుందో మాత్రం నీకు తెలుసు."

పొట్లం మూడు రోజులు వంటింటి డ్రాయరులో ఉంది. డెక్స్‌టర్ ఇంట్లో ఉన్న రెండు రోజులూ ముట్టుకోలేదు, లారీ కంపెనీ వాడు ఎప్పుడు పడితే అప్పుడు సీసా ఇచ్చి మూత్రం పొయ్యమంటాడు, ఇంట్లో పొగ వాసన తగిలినా ఉద్యోగం పోతుందని అతని భయం. అతను వెళ్లాక వెనక మెట్ల మీద కూర్చుంది. గొంతు మండింది, దగ్గింది, ఇంకోటి పీల్చింది. చీకటి పడే వేళ, పక్కింటి ముసలాయన గడ్డి కోసే మిషన్ ఆపాడు, ఆ నిశ్శబ్దంలో పొట్టలో చెయ్యి తిప్పుతున్నదెవరో చెయ్యి తీసేసుకున్నట్టయింది. లోపలికి వెళ్లి మొక్కజొన్న రొట్టె గ్లాసు మజ్జిగలో నలుపుకుని చెంచాతో తిన్నది. తిని బకెట్టు దగ్గర పెట్టుకుని కూర్చుంది, వాంతి రాలేదు. ఇంకో ముక్క తిన్నది. ఏడుస్తూ తిన్నది, మజ్జిగలో ఉప్పెక్కువైందనుకుంది. ఆ తర్వాత ఆరు నెలలు, వారానికి ఐదు రోజులో ఆరు రోజులో, రెండే రెండు. మూడోది కొట్టిన రోజులూ లేకపోలేదు, పని మీద కాళ్లు వాచినప్పుడు, పిల్లాడు గుర్తొచ్చినప్పుడు. అది కూడా నిజమే, ఇప్పుడు ఎవరూ అడగడం లేదు గాని.

రెండున్నర. నడవలో చక్రాల చప్పుడు, భోజనం బండి, వెళ్లిపోయింది. ఎవరు చెప్పారు వీళ్లకి? పొద్దునంతా అదే పళ్ల సందు నారలా నాలుకకు తగిలింది. ఇడెల్ చెప్పదు. డెక్స్‌టర్‌కి ఏడో నెలదాకా తెలియదు. మధ్యాహ్నం అన్నం పళ్లెం మూత తీస్తూ ఉండగా గుర్తొచ్చింది, తనే చెప్పింది. నాలుగో నెలలో, తెల్లకోటు డాక్టరమ్మ, చిన్నపిల్ల, చెవులకు ముత్యాలు, చాలా మెత్తగా మాట్లాడింది. బరువు పెరిగింది, మంచిది, ఏం చేశావు అంది. అర్లీతా తల దించుకుని చెప్పేసింది. చెప్తే బిడ్డకి మంచిదో కాదో చెబుతుందని, మానెయ్యమంటే దానికి బదులు ఇంకేదైనా ఇస్తుందని. డాక్టరమ్మ కోప్పడలేదు. మానేస్తే మంచిది, పిల్లలు బరువు తక్కువ పుట్టొచ్చు అంది, మందు మార్చి రాసింది, ఆ మందు ఇదివరకు మింగితే పైకొచ్చినదే, పేరొకటి మారింది. చెప్పినందుకు థాంక్స్ అంది. అని కంప్యూటర్ వైపు తిరిగి టకటకా కొట్టింది. ఆ టకటక అప్పుడు అర్లీతాకి వాన చినుకుల్లా హాయిగా అనిపించింది, ఒకళ్లతో చెప్పుకున్నాను కదా అని.

అందుకే మొన్న నర్సు కోలీన్ మూత్రం పట్టడానికి పాప తొడల మధ్య చిన్న ప్లాస్టిక్ సంచీ అంటించింది. అందుకే మొదటి డైపర్‌లోంచి తారులాంటి నల్లటి జిగట దొడ్డిని చెక్కపుల్లతో గీకి సీసాలో వేసి మూత బిగించింది. ఇదంతా మామూలేనా అని అర్లీతా అడిగింది. మామూలే అంది కోలీన్, మొహం చూడకుండా. అర్లీతా ఆమెకి థాంక్స్ కూడా చెప్పింది, ఎంత శ్రద్ధగా చూస్తున్నారు నా బిడ్డని అనుకుంది. ఆ సీసా ఏదో ఊళ్లో ఉన్న ల్యాబ్‌కి పోతుందట, అక్కడ ఎన్ని నెలల కిందటి సంగతులైనా బయటపెడతారట. సూపర్వైజరు కోడలు, ఆ పసుపురంగు జుట్టు తెల్లపిల్ల, గంజాయి చాక్లెట్లు తొమ్మిది నెలలూ సంచీలో వేసుకునే తిరిగింది, లైను మీద అందరికీ పంచింది కూడా. ఈ ఆస్పత్రిలోనే, ఈ అంతస్తులోనే కనింది. బెలూన్లు కట్టారు తలుపుకి. ఆమె బిడ్డ నల్లదొడ్డి ఎవరికీ కావలసి రాలేదు, డైపరుతోపాటు చెత్తలోకి పోయింది. ఆ పిల్ల డాక్టరుకి చెప్పలేదా, చెప్పకపోతే సరిపోతుందా, చెప్పినా ఆ పిల్ల పాపకి సంచీ అంటించేవాళ్లా. ఆలోచించే ఓపిక లేదు. ఓపిక ఉన్నప్పుడు కోపం తెచ్చుకుందాం అనుకుంది.

డెక్స్‌టర్ నెబ్రాస్కా నుంచి ఫోన్ చేశాడు పన్నెండింటికి, వెనక ఇంజను హోరు. "పక్కింటోళ్లు వరండాలో పీలుస్తారు, పొగ కిటికీలోంచి వచ్చిందని చెప్పు. అంతే చెప్పు అర్లీ. నువ్వు ముట్టుకోలేదని చెప్పు."

"పక్కింట్లో ఉన్నది చర్చిలో పియానో వాయించే ముసలాయన డెక్స్."

"వాళ్లకేం తెలుసు అది?" అన్నాడు. "మా అమ్మకి చెప్పాను" అన్నాడు తర్వాత. "తప్పలేదు. వస్తోంది."

తొట్టెలో పాప మూలిగింది. అర్లీతా చెయ్యి చాచి పొట్ట మీద వేసింది, అరచేతి కింద పొట్ట మొత్తం పట్టేసింది. ఐదు పౌన్ల రెండు ఔన్సులు. పొగ వల్లనా ఇంత చిన్నది, తిండి లేని మూడు నెలల వల్లనా, చలిగదిలో పది గంటలు నిలబడ్డందుకా, లేకపోతే వాళ్ల వంశంలోనే చిన్నగా పుడతారా. పొగ లేకపోతే ఆరు పౌన్లుండేదా, అసలు ఉండేది కాదా. ఈ ప్రశ్నకి ఏ ల్యాబ్‌లోనూ సీసా లేదు. జీవితమంతా ఈ పిల్ల ఒక మాట ఆలస్యంగా పలికినా, బళ్లో లెక్క తప్పు చేసినా, తనకి ఆ వెనక మెట్లే గుర్తొస్తాయి. అది ఎవరూ రాసి ఇవ్వక్కర్లేని శిక్ష.

తలుపు తోసుకుని ఒడెస్సా వచ్చింది, డెక్స్‌టర్ తల్లి. నీలం కోటు, చర్చికి పెట్టుకునే టోపీ. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు మూడొందల మంది పిల్లలకి వండి పెట్టిన మనిషి, ఎక్కడికొచ్చినా ముందు పొయ్యి ఆపారా లేదా అన్నట్టు నాలుగు మూలలూ చూస్తుంది. పాపని ఎత్తుకోలేదు. తొట్టె మీదికి వంగి చాలాసేపు చూసింది. అర్లీతా ఆ వంగిన వీపు చూస్తూ తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండు, ఒక పని అయిపోతుంది.

"పేరు పెట్టారా?"

"సెలా అనుకుంటున్నాం అత్తయ్యా."

"కీర్తనల్లో మాట" అంది ఒడెస్సా. "దానర్థం ఏమిటో పాస్టరుకి కూడా తెలీదు. ఆగమని అంటారు కొందరు." కుర్చీ లాక్కుని కూర్చుంది, చేతిసంచీ ఒళ్లో నిలబెట్టుకుంది. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"మీరు ప్రార్థన చేస్తారని."

"చేసేదాన్నే. చేసి, లేచి, వంట చేసేదాన్ని. మూడు నెలలు తిండి లేకుండా పడి ఉంటే నాకు ఫోన్ లేదనుకున్నావా?" టోపీ సర్దుకుంది. "నువ్వు చేసింది నాకు నచ్చలేదు. ఆ మాట నీ మొహం మీదే చెబుతున్నా, వెనకాల చెప్పను."

"సరే అత్తయ్యా."

"సరే ఏంటి సరే. నీరసం చూడు."

మూడింటికి కౌంటీ మనిషి వచ్చింది. మిస్ ప్రూయిట్ అని చెప్పుకుంది, నలభై ఉంటాయి, చంకలో ఫైళ్లు, చెప్పులకి బురద, ఆలస్యమైందండీ, అంతకుముందు ఇల్లు ఊరి అవతల అంది. అర్లీతా ఏ రాక్షసిని ఊహించుకుందో ఆమె కాదు ఈమె. ఈమె కళ్ల కిందా నల్లగానే ఉంది. మంచం పక్కన కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరెవరుంటారు, పాపకి వేరే పడక ఉందా, తుపాకీ ఉందా, మీ మీద ఎప్పుడైనా ఎవరైనా చెయ్యి చేసుకున్నారా. అర్లీతా జవాబులు చెబుతూ ఆమె పెన్ను వంక చూస్తోంది. పెన్ను ఆగింది.

"గర్భంతో ఉన్నప్పుడు గంజాయి వాడారా?"

పక్కింటి వరండా. పియానో ముసలాయన నోట్లో గంజాయి చుట్ట పెట్టి చూసుకుంది మనసులో, నవ్వొచ్చినట్టయింది. కిటికీ, పొగ, ముట్టుకోలేదు, మూడు మాటలే. చెబితే ఈమె రాసుకుంటుంది. మళ్లీ వచ్చే వారం ఇంకొకరు అడుగుతారు, వాళ్లకీ అదే చెప్పాలి, ఏ కిటికీ అంటే ఫలానా కిటికీ అనాలి, డెక్స్‌టర్ ఇంకో కిటికీ అనకుండా చూసుకోవాలి, ఈ పిల్ల పెద్దయ్యేదాకా ఆ కిటికీ మూసుకోకుండా పట్టుకుని నిలబడాలి. నిజం చెప్పే ఇక్కడిదాకా వచ్చింది, అదీ తెలుసు. డాక్టరమ్మకి అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేది, తన పాలు తను పట్టుకుంటూ. అయినా ఆ అబద్ధం మోసే బలం ఒంట్లో ఎక్కడుందో వెతికితే దొరకలేదు.

"వాడాను. రెండు దమ్ములు, తినేముందు. ఒక్కోసారి మూడు. పోయిన వారం దాకా. తిండి నిలవడానికి." ఊపిరి పీల్చుకుంది. "ఇదివరకొక బిడ్డ పోయాడండీ నాకు. ఈమె కూడా పోతుందనుకున్నా. ఇప్పుడు తింటున్నా, పొద్దున రెండు గుడ్లు తిన్నా. ఇక అక్కర్లేదు నాకది."

ఒడెస్సా చేతిసంచీ గొళ్లెం టక్కున తెరుచుకుని టక్కున మూసుకుంది. పోయిన మనవడి మాట ఆ గదిలో ఎవరైనా పైకనడం అదే మొదటిసారి.

మిస్ ప్రూయిట్ రాసింది. చాలాసేపు రాసింది. తర్వాత చదివి వినిపించింది, గొంతులో ఏ రంగూ లేకుండా. పాపని తల్లి నుంచి తీసుకెళ్లాలని ఈరోజు కోర్టును అడగడం లేదు. అయితే అరవై రోజులు తల్లి పాపతో ఒంటరిగా ఉండకూడదు. ఇంట్లో ఇంకో పెద్దమనిషి రాత్రీ పగలూ ఉండాలి, వాళ్లు సంతకం పెట్టాలి. తల్లి వారం వారం పరీక్షకి మూత్రం ఇవ్వాలి. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూస్తారు. ఒంటరిగా ఉన్నట్టు తెలిసినా, అలాంటి మనిషి దొరక్కపోయినా పాప వేరే ఇంటికి వెళ్లాల్సి వస్తుంది.

"ఒంటరిగా అంటే?" అంది ఒడెస్సా.

"అంటే, మీ కళ్ల ముందు ఉండాలండీ."

"నేను స్నానానికి వెళ్తే?"

"పాపని తీసుకెళ్లండి."

"అరవై ఎనిమిదేళ్ల దాన్ని, స్నానాల గదిలోకి తొట్టె ఈడ్చుకెళ్లాలా? దానికి పాలిచ్చేటప్పుడు నేను ఎదురుగా గుడ్లప్పగించి కూర్చోవాలా?"

"నేను రాయలేదండీ ఈ రూలు" అంది మిస్ ప్రూయిట్. అలసటగానే అంది, పొగరుగా కాదు.

ఒడెస్సా టోపీ తీసి మంచం మీద పెట్టింది. ఇల్లు తాళం వేసి రావాలి, కోళ్లను ఎవరికో అప్పజెప్పాలి, ఆదివారాలు చర్చిలో తలుపు దగ్గర నిలబడే పని ఇంకొకరికి ఇవ్వాలి, ఆ ఇంకొకరు ఎందుకని అడుగుతారు. అవన్నీ ఆ మొహంలో ఒకదాని వెనక ఒకటి వెళ్లడం అర్లీతా చూసింది. వద్దులెండి అత్తయ్యా అందామనుకుంది, కానీ వద్దంటే పాప వెళ్లిపోతుంది. "పెన్ను" అంది ఒడెస్సా. పేరంతా రాసింది, మధ్య పేరుతో సహా, బడిలో పాల డబ్బాలు దించుకున్నప్పుడు పెట్టినంత గుండ్రంగా. అర్లీతా దాని కింద సంతకం పెట్టింది. పేరు గీత కిందికి జారింది.

మిస్ ప్రూయిట్ ఒక కాపీ బల్ల మీద ఉంచి, తొట్టె దగ్గర ఒక్క క్షణం ఆగి, ఫైళ్లు చంకన పెట్టుకుని వెళ్లింది. ఆమె అడుగులు లిఫ్టు దాకా వినబడ్డాయి. పాప లేచింది, ఏడవలేదు, కొత్త కళ్లతో పైకప్పు దీపాన్ని చూస్తోంది. అప్పుడు ఒడెస్సా పాపని ఎత్తి, ఒకసారి నుదురు వాసన చూసి, అర్లీతా చేతుల్లో పెట్టింది. టోపీ తీసుకుంది.

"కారు దాకా వెళ్లొస్తా" అంది.

అర్లీతాకి అర్థం కాలేదు. బల్ల మీది కాగితం వైపు చూసింది. "అత్తయ్యా, ఇప్పుడేగా సంతకం..."

"పెట్టాను. సిరా ఆరాలిగా."

తలుపు మెల్లగా లాగి వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు, అర్లీతా, ఆమె కూతురు. మొన్నటినుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఏం చెయ్యాలో తోచలేదు. పాప మెడ వంపులో తన మొహం పెట్టింది, పిల్ల వేడిగా ఉంది, బరువే లేదు, అంత బరువూ తన మీదే ఉంది. సెలా అంది, పైకి, మొదటిసారి. ఆ గొంతు ఎక్కడో విన్నట్టు పాప కదలడం ఆపింది, తొమ్మిది నెలలు విన్న గొంతే కదా. పాలు మళ్లీ దిగాయి, టవలు తడుస్తోంది, తడవనీ.

తలుపుకున్న సన్నటి అద్దంలో నీలం కోటు వీపు కనబడింది. ఒడెస్సా కారు దాకా వెళ్లలేదు. తలుపుకి ఆనుకుని, నడవ వైపు తిరిగి, అక్కడే నిలబడింది. చక్రాల బండి చప్పుడొచ్చి ఆగింది. నర్సు కోలీన్ గొంతు.

"మీరిక్కడున్నారేంటండీ? లోపల పాప దగ్గర ఎవరున్నారు?"

"వాళ్లమ్మ ఉంది" అంది ఒడెస్సా, కదలకుండా.